నరం మొలిపించడమా, మిగిలిన నరాన్ని మేల్కొలపడమా: వెన్నుపాము దెబ్బకు ఏది మేలు?

నల్లగొండ పల్లెల్లో మోకు జారి తాటిచెట్టు మీది నుంచి పడిన గీత కార్మికుడు కాళ్లు చచ్చుబడి ఆస్పత్రి నుంచి ఇంటికి చేరితే, ఆ ఇంట్లోవాళ్లు పదేపదే అడిగేది తెగిన నరాలు మళ్లీ మొలుస్తాయా అనే. దీనికి జవాబు వెతుకుతున్న పరిశోధన రెండు దారులుగా సాగుతోంది.

మొదటిది మొలిపించే దారి. చేతి నరం తెగితే రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది కాని, వెన్నుపాములోని నరాల తంతువులు అలా పెరగవు. పెరిగే శక్తి వాటికి లేకపోలేదు. 1981లో మాంట్రియల్‌లో డేవిడ్, అగువాయో అనే శాస్త్రవేత్తలు ఎలుక కాలి నరం ముక్కను మెదడు అడుగు భాగానికి, వెన్నుపాముకు మధ్య వంతెనలా అతికినప్పుడు అందులోకి తంతువులు సుమారు 30 మిల్లీమీటర్ల దాకా సాగాయి. అడ్డంకి ప్రధానంగా చుట్టూ ఉన్న పరిసరంలోనే ఉందని, నరాల తంతువులను చుట్టి ఉండే మైలిన్ పొరలోని నోగో ప్రొటీను, గాయం దగ్గర పేరుకునే మచ్చ కణజాలం తంతువుల ఎదుగుదలను ఆపుతాయని తరువాతి పరిశోధనలు చూపాయి. జపాన్‌లోని కెయో విశ్వవిద్యాలయం ఐపీఎస్ కణాల (మామూలు శరీర కణాలను ప్రయోగశాలలో మార్చి చేసిన మూలకణాలు) నుంచి తయారుచేసిన నాడీ కణాలను నలుగురికి ఎక్కించగా, ఇద్దరిలో కదలిక మెరుగుపడినట్టు 2025లో వెల్లడించింది. అయితే ఆ నలుగురికీ దెబ్బ తగిలిన కొద్ది వారాల్లోనే కణాలు ఎక్కించారు. పోల్చి చూడడానికి వేరే బృందం లేదు. పడి ఏడాది దాటినవారికి ఈ ఫలితాన్ని అన్వయించుకోవడం తొందరపాటే.

రెండోది మేల్కొలిపే దారి. పూర్తిగా తెగిందని రాసిన గాయాల్లో కూడా చాలాసార్లు కొన్ని తంతువులు మిగిలే ఉంటాయి. గాయానికి దిగువన నడకను నడిపించే నాడీ వలయాలు నిద్రాణంగా ఉన్నా బతికే ఉంటాయి. స్విట్జర్లాండ్‌లోని లౌజాన్‌లో కోర్టీన్, బ్లోక్ అనే శాస్త్రవేత్తల బృందం వెన్నుపాము వెనుక ఎలక్ట్రోడ్లు అమర్చి విద్యుత్ ప్రేరణ ఇవ్వగా, ముగ్గురు ఆసరాతో నడవగలిగారని 2018లో ప్రకటించింది. మెడ దగ్గర చర్మం మీదే ఉంచి విద్యుత్ ప్రేరణ ఇచ్చే పరికరంతో 60 మందిపై జరిపిన పరీక్షలో 72 శాతం మందికి చేతుల బలం, పనితనం మెరుగుపడ్డాయి. వారిలో గాయమై ఏళ్లు గడిచినవారు ఉన్నారు. దానికి 2024 డిసెంబరులో అమెరికా అనుమతి లభించింది. ఇది నరాన్ని మొలిపించదు. తీవ్రమైన వ్యాయామ శిక్షణ తోడు లేకుండా పెద్దగా ఫలించదు కూడా.

నేటి రోగికి రెండోదే మేలని నా అభిప్రాయం. పూర్తిగా తెగిన వెన్నుపాముకు మాత్రం చివరికి మొదటి దారే దిక్కు. ఆ ఆశనే సరుకుగా చేసి, మూలకణాల ఇంజెక్షన్లకు లక్షలు అడిగేవారు లేకపోలేదు. వెన్నుపాము గాయానికి మూలకణాలను చికిత్సగా అమ్మడాన్ని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు ఒప్పుకోవు, నమోదైన క్లినికల్ ట్రయల్‌లో మాత్రమే వాడనిస్తాయి. కాబట్టి ఎకరం పొలం బేరం పెట్టే ముందు దేశంలోని క్లినికల్ ట్రయల్స్ నమోదయ్యే సీటీఆర్ఐ జాబితాలోని నమోదు సంఖ్య అడగాలి. అది చూపలేకపోతే ఆ డబ్బును ఫిజియోథెరపీకి, మంచి చక్రాల కుర్చీకి, పడక పుండ్లు రాకుండా కాపాడే గాలి పరుపుకు పెట్టడం నయం.