మారతహళ్లి జిమ్ముల్లో బడ్డీ ప్లాన్: ఎవరికి గిట్టుబాటు?

బెంగళూరులో కుందలహళ్లి గేటు నుంచి మారతహళ్లి బ్రిడ్జి దాకా నడిస్తే, ఇద్దరు కలిసి చేరితే తగ్గింపు అనే ‘బడ్డీ ప్లాన్’ బోర్డులు చాలానే కనిపిస్తాయి. కొన్నిచోట్ల దీనికే కపుల్ ఆఫర్ అని పేరు. పీజీలో ఒకే రూములో ఉండే ఇద్దరు కుర్రాళ్లు కపుల్ కింద బిల్లు రాయించుకున్నా కౌంటర్లో ఎవరూ నవ్వరు.

తగ్గింపు కోసమే అయితే ఈ ప్లాన్ వద్దు. ఇందులో అసలు సరుకు తోడు. ఆ తోడు సరిగ్గా కుదిరితే పూర్తి రేటు పెట్టినా నష్టం లేదు, కుదరకపోతే సగానికి ఇచ్చినా దండగే.

కుదరడం అంటే ఏమిటో జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఒట్టో కోలర్ 1920ల్లోనే తేల్చాడు. బెర్లిన్ పడవల క్లబ్బు వాళ్లను జతలుగా నిలబెట్టి, ఇద్దరి చేతా కలిపి ఒకే బరువు ఎత్తించాడు. బలం తక్కువున్నవాడు ఒంటరిగా చేసినప్పటికన్నా ఎక్కువసేపు ఆగకుండా ఎత్తాడు. ఇద్దరి బలం మధ్య తేడా ఓ మోస్తరుగా ఉన్నప్పుడే ఆ లాభం బాగా కనిపించింది. అందుకే మీకన్నా కొంచెం ముందున్నవాణ్ణి వెతుక్కోండి. బెంచ్ మీద పడుకుని మీరు ఎత్తేది 50 కిలోలు, అతనిది 60 అయితే సెట్‌కీ సెట్‌కీ మధ్య రెండు వైపులా ఒక్కో 5 కిలోల ప్లేటు మారిస్తే సరిపోతుంది. మీది 40, అతనిది 80 అయితే ప్లేట్ల పని అటుంచి, బార్ అతని ఛాతీ మీద ఆగిపోయిన రోజు దాన్ని లేపడం మీ వల్ల కాదు. ఎత్తు కూడా చూసుకోవాలి. స్క్వాట్ ర్యాక్ (భుజాల మీద బార్ పెట్టుకుని గుంజీలు తీసే స్టాండు) హుక్కుల్ని పొట్టివాళ్ల ఎత్తుకే పెట్టండి. పొడుగువాళ్లు కాస్త వంగి బార్ కిందకి దూరగలరు గానీ, పొట్టివాళ్లు మునివేళ్ల మీద నిలబడి బార్ దించుకోవడం ప్రమాదం.

స్పాటింగ్, అంటే ఎత్తేవాడి దగ్గరే నిలబడి బరువు ఆగిపోతే పట్టుకోవడం, నేర్పని జిమ్ములో బడ్డీ ప్లాన్ తీసుకోకండి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే. బెంచ్‌కి ముందే మూడు మాటలు అనుకోవాలి: ఎన్ని రెప్స్ (ఎన్నిసార్లు ఎత్తాలి), బార్ ర్యాక్ నుంచి అందివ్వాలా, ఎప్పుడు చెయ్యి వెయ్యాలి. స్పాటర్ ఒక అరచెయ్యి పైకీ ఒకటి కిందకీ తిప్పి, తాకకుండా బార్‌ని చేతులతో వెన్నంటే ఉండాలి. బార్ రెండు సెకన్లు కదలకపోయినా, కిందకి జారడం మొదలెట్టినా వెంటనే పట్టుకోవాలి. మొదటి రెప్ నుంచే చేతులు పెట్టి “ఇంకోటి, ఇంకోటి” అని అరిచే రకం వద్దు. అక్కడ సగం బరువు మోసేది వెనకున్నవాడు, చార్టులో రాసుకునేది పడుకున్నవాడు. డంబెల్ ప్రెస్‌కి మణికట్టు దగ్గర పట్టాలి. మోచేతుల దగ్గర పట్టుకుంటే చేతులు మడుచుకుపోయి డంబెల్ మొహం మీదకి వస్తుంది. స్క్వాట్‌లో వెనక నిలబడి చేతులు పక్కటెముకల కింద ఉంచాలి, బార్ జోలికి పోకూడదు. సేఫ్టీ రాడ్లు (బార్ జారితే ఆపే కడ్డీలు) మీరు దిగే అట్టడుగు మట్టానికి కాస్త కిందగా ఉండాలి. స్పాటర్ ఉన్నాడని వాటిని తీసేయకండి.

సాయంత్రం 7 నుంచి 9 మధ్య ఇక్కడ రద్దీ చెప్పనక్కర్లేదు. ఒకరు ఎత్తుతుంటే ఇంకొకరు ఊపిరి తీసుకుంటారు కాబట్టి, ఇద్దరికీ ఒకే ర్యాక్ చాలు. ముగ్గురైనా పరవాలేదు. నలుగురైతే అది కబుర్లే. కబుర్లతో 2 నిమిషాల విరామం 8 నిమిషాలు కాకుండా ఫోన్లో టైమర్ పెట్టుకోండి.

బెడిసికొట్టేది ఎక్కువగా హాజరు దగ్గరే. ఒకరికి అమెరికా షిఫ్ట్ పడగానే ఇద్దరూ మానేస్తారు. తోడు రాని రోజున ఏం చెయ్యాలో ముందే రాసిపెట్టుకోండి: మెషీన్లు, రోయింగ్, పుల్లప్స్, స్పాటర్ అక్కర్లేనివన్నీ.

ఇద్దరికీ కలిపి ఒకే ట్రైనర్ ఇచ్చే ప్యాకేజీ అయితే 10, 12 సెషన్ల దాకా మంచి బేరం. ఒకరి విరామంలో ఇంకొకరి తప్పులు దిద్దుతాడు. చార్టులు మాత్రం విడివిడిగా రాయమనండి. ట్రైనర్ “ఇన్నొందు” అని కన్నడంలో అంటే, పక్కనున్నవాడు “ఇంకొక్కటి” అని తెలుగులో అందుకుంటాడు. తప్పించుకోవడానికి దారుండదు.

డబ్బు కట్టేముందు కౌంటర్లో అడగండి. సంక్రాంతికి ఒకరే ఊరెళ్తే అతనిది ఒక్కటే ఫ్రీజ్ చేస్తారా, అంటే ఆ రోజులు లెక్కలోంచి తీసేస్తారా? ఒకరు హైదరాబాద్ మారిపోతే ఆ సగం వేరే వాళ్ల పేరుకి మారుస్తారా, లేక మిగిలినవాళ్ల రేటు పెంచుతారా? ఇవి బిల్లు మీదే రాయించుకోండి. జిమ్ములకు జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతం బదులు 5 శాతమే, బిల్లులో ఆ లెక్క కూడా ఓసారి చూడండి.

ట్రయల్ అడిగితే మధ్యాహ్నం రమ్మంటారు, ఒప్పుకోకండి. మీరు రోజూ వచ్చే వేళకే ఇద్దరూ వెళ్లండి. 20 నిమిషాల్లో ఒక్క ర్యాక్ కూడా దొరక్కపోతే పక్క వీధిలో ఇంకో జిమ్ము ఉంటుంది.