యు-180 వెంట: కీల్ నుంచి బోర్డో దాకా

1943 ఫిబ్రవరిలో సుభాష్ చంద్రబోస్‌నీ, మన హైదరాబాదీ ఆబిద్ హసన్ సఫ్రానీనీ ఎక్కించుకుని జర్మనీలోని కీల్ రేవు నుంచి బయలుదేరిన జర్మన్ సబ్‌మెరైన్ యు-180. అది ఇప్పుడు లేదు. దాని జాడలైనా చూసొద్దామని మా ఆయనా నేనూ వెళ్లాం.

కీల్‌లో స్టేషన్ పక్కనే చిన్న హోటల్. గది శుభ్రమే, టిఫినే బ్రెడ్డూ చీజూ. ఆవకాయ సీసా ఆదుకుంది. అక్కడి నుంచి దగ్గర్లోని తీరపు ఊరు లాబోకి బస్సు ఉంది గానీ ఫెర్రీ ఎక్కండి. గంట పడుతుంది, అయినా బోసు వెళ్లిన నీళ్ల మీదే వెళ్తాం.

లాబో తీరంలో ఇసుక మీద అప్పటి మరో జర్మన్ సబ్‌మెరైన్ యు-995 ఉంది, ఇప్పుడది మ్యూజియం. పొడవు 67 మీటర్లు. యు-180 దీనికంటే 20 మీటర్లు పొడవు. లోపల ఒకటే నడవ, నెత్తి మీద పైపులు. గది నుంచి గదికి గుండ్రటి కంతలోంచి దూరాలి: ముందు ఒక కాలు, తర్వాత తల, ఆఖర్న రెండో కాలు. మా ఆయన రెండుసార్లు తల కొట్టుకున్నారు. మోకాళ్ల నొప్పులుంటే బయటి నుంచే చూడండి. ఆ ఇరుకు పడకల దగ్గర పది నిమిషాలకే నాకు ఊపిరాడలేదు. బోసూ హసనూ ఇలాంటి చోట రెండున్నర నెలలు ఉన్నారు! పైగా యు-180లో ఆరు మెర్సిడెస్ డీజిల్ ఇంజన్లు, విపరీతమైన పొగ. ఏప్రిల్ నెలాఖరున మడగాస్కర్ దగ్గర, ఎగసిపడే అలల మధ్య, రబ్బరు పడవలో జపాన్ వాళ్ల సబ్‌మెరైన్ ఐ-29కి మారారు. ఐ-29 నుంచి యు-180కి రెండు టన్నుల బంగారం వచ్చింది.

పక్కనే 72 మీటర్ల స్మారక టవర్. లిఫ్ట్ ఉంది, ఎక్కాం, గాలికి దిగొచ్చేశాం.

తర్వాత ఫ్రాన్స్‌లోని బోర్డో. అక్కడ బస ఖరీదెక్కువ, లిఫ్ట్ లేని మూడో అంతస్తు. బి ట్రామ్ ఎక్కితే యుద్ధకాలపు జర్మన్ సబ్‌మెరైన్ స్థావరం దగ్గర దిగొచ్చు. 1943 జూలైలో యు-180 చేరింది ఈ ఊరికే. ఇక్కడే ఆ ఇంజన్లు తీసేసి, సుమారు 250 టన్నుల సరుకు మోసే రవాణా నౌకగా మార్చారు. 1944 ఆగస్టులో తూర్పుకి బయలుదేరి బిస్కే అఖాతంలోనే మునిగింది. 56 మందీ పోయారు. సముద్రంలో పెట్టిన మందుపాతర తగిలిందని అనుమానం.

స్థావరంలోని 11 గదుల్లో నాలుగింటిలో 2020 నుంచి బొమ్మల వెలుగుల షో నడుస్తోంది. గోడల మీద రంగులు, నీళ్లలో వాటి నీడలు. పిల్లలకి బాగా నచ్చుతుంది. ఒక్కరోజే ఉంటే మాత్రం నేను లాబోకే వెళ్తాను. ఇక్కడికొస్తే స్వెటర్ తెచ్చుకోండి. బయట, ఈ స్థావరం కట్టడానికి కాంక్రీటు మోసిన స్పానిష్ బందీల స్మారకం దగ్గర కాసేపు ఆగండి.