మూడేళ్ళుగా విన్‌డీబగ్ వాడుతున్నా: కావలి డీటీపీ షాపు అనుభవం

కావలిలో మాది డీటీపీ, జిరాక్స్ షాపు. మూడేళ్ళ కిందట మాఘమాసం ముహూర్తాలప్పుడు, పెళ్ళికార్డు సగం కంపోజ్ చేశాక తెర నీలంగా మారి సిస్టమ్ దానంతటదే రీస్టార్ట్ అయింది. పక్కన కూర్చున్న పెళ్ళికూతురి నాన్న "ఏందబ్బాయా, పేర్లన్నీ మళ్ళీ కొట్టాల్నా?" అన్నాడు. కొట్టక తప్పలేదు. ఆ వారంలో ఇంకో మూడుసార్లు పడింది. రిపేరుకిస్తే విండోస్ కొత్తగా వేసిచ్చారు. రెండోరోజే మళ్ళీ నీలి తెర. అప్పుడే విన్‌డీబగ్ అనే ప్రోగ్రామ్‌తో డంప్ ఫైళ్ళు చదివి, సిస్టమ్ ఎందుకు పడుతోందో వెతకడం మొదలుపెట్టా.

సిస్టమ్ పడిపోయే క్షణంలో మెమరీలో ఉన్నదాంట్లో కొంత విండోస్ ఒక ఫైలుగా దాచిపెడుతుంది, అదే డంప్. సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపల మినీడంప్ అనే ఫోల్డర్ చూడండి. ఫైలు పేరులోనే నెల, తేదీ, సంవత్సరం ఉంటాయి. నాకు మొదట ఆ ఫోల్డరే ఖాళీ. చోటు కలిసొస్తుందని పేజ్‌ఫైల్ (ర్యామ్‌కు తోడుగా విండోస్ డిస్క్‌లో వాడుకునే ఫైలు) తీసేసి ఉన్నా, అందుకే డంప్ రాయలేదు. మళ్ళీ పెట్టాక ఫైళ్ళు రాసాగాయి.

విన్‌డీబగ్ మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో ఉచితం. డంప్‌ను డెస్క్‌టాప్ మీదికి కాపీ చేసుకుని అందులో తెరవాలి. కింది గడిలో ఆశ్చర్యార్థకం, దాన్ని ఆనుకుని ఎనలైజ్, ఖాళీ వదిలి హైఫన్ వి కొట్టాలి. మొదటిసారి సింబల్స్ (డంప్‌లోని అంకెలను పేర్లుగా మార్చే ఫైళ్ళు) దిగేదాకా ఓపిక పట్టాలి, నెట్ లేకుంటే ముందుకు పోదు. తర్వాత ఇంగ్లీషు వరసలు బోలెడు వస్తాయి. వాటిలో ముందు చూడాల్సింది స్టాప్ కోడ్ (ఏ రకం తప్పో చెప్పేది), మాడ్యూల్ పేరు, ఇమేజ్ పేరు (ఈ రెండూ ఏ డ్రైవర్ లేదా ఫైలు మీద అనుమానమో చెప్పేవి).

అది చెప్పిన పేరును ఒక్క డంప్‌తోనే నమ్మకూడదు. నేను నమ్మి, గ్రాఫిక్స్ డ్రైవర్ రెండుసార్లు మార్చా. ఐదు డంప్‌లు పక్కపక్కన పెట్టాక గానీ అర్థం కాలేదు: ఒకదాంట్లో 1ఏ కోడ్, ఇంకోదాంట్లో 50, పేరు చూస్తే పూటకొకటి. ఇలా మారుతుంటే ముందు ర్యామ్‌ను అనుమానించాలి. విండోస్‌లోని మెమరీ పరీక్షలో తప్పేమీ దొరకలేదు. పెన్‌డ్రైవ్‌లో మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్ష ప్రోగ్రామ్ వేసి రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి తెర నిండా ఎర్ర గీతలు. ర్యామ్ కర్రలు రెండూ తీసి, బంగారు రంగు కాళ్ళను పెన్సిల్ రబ్బరుతో రుద్ది పెట్టా. మాది సముద్రపు గాలి కదా, దానివల్లేమో అనుకున్నా. ఒక కర్ర ఏ స్లాట్‌లో పెట్టినా తప్పే చూపింది. అది మార్చాక నెమ్మదించింది.

పోయినేడు మాత్రం డీ1 కోడ్. ఐదు డంప్‌ల్లోనూ ఒకటే పేరు, కొత్తగా తగిలించిన వైఫై డాంగిల్ డ్రైవర్‌ది. దాన్ని తీసేసి ల్యాన్ కేబుల్ వేసుకున్నా. మళ్ళీ పడలేదు.

లోటు లేదని కాదు. 124 కోడ్ వస్తే హార్డ్‌వేర్ అంటుంది గానీ ఏ భాగమో చాలాసార్లు తేలదు. సిస్టమ్ బిగుసుకుపోయినా, కరెంటు పోయినా అసలు డంపే ఉండదు. డంప్‌లు చూపించే ఇంకో ప్రోగ్రామ్ బ్లూస్క్రీన్‌వ్యూ తేలిక, జాబితా చూడ్డానికి ఇప్పటికీ వాడతా. కానీ అది తరచూ విండోస్ కెర్నల్ (విండోస్‌కు గుండెకాయలాంటిది) ఫైలునే చూపిస్తుంది, అసలు కారణం వేరే ఉంటుంది.

ఎవరికైనా చూపించాల్సొస్తే మినీడంప్ మాత్రమే ఇవ్వండి. విండోస్ ఫోల్డర్‌లో మెమరీ పేరుతో ఉండే పెద్ద డంప్ ఇవ్వొద్దు. పూర్తి డంప్ పెట్టుకుని ఉంటే, పడిన క్షణాన తెరిచి ఉన్న ఆధార్ కాపీలు కూడా అందులో ఉండొచ్చు. అవి మనల్ని నమ్మి ఇచ్చినవాళ్ళవి.