పెట్ సౌండ్స్: మోనోనా, స్టీరియోనా?

అమెరికన్ బ్యాండ్ బీచ్ బాయ్స్ సర్ఫింగ్ పాటల గురించి మళ్లీ చెప్పక్కర్లేదు. వాళ్ల ఆల్బమ్ 'పెట్ సౌండ్స్' గొప్పదా కాదా అన్నదీ ఎప్పుడో తేలిపోయింది. మోనో (అన్ని శబ్దాలూ ఒకే ఛానెల్‌లో కలిసి వచ్చేది), స్టీరియో (కుడి ఎడమలుగా విడిపోయి వచ్చేది) రెండూ ఉన్న సీడీని ఏళ్లుగా వింటున్న నాకు మిగిలిన గొడవల్లా ఒకటే: రెండింట్లో ఏది పెట్టుకోవాలి?

మొదట్లో స్టీరియోనే. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ అదే వినమని చెప్పేవాణ్ణి. 1966లో బ్యాండ్ నాయకుడు బ్రయాన్ విల్సన్ మిక్స్ చేసింది మోనోలో. సౌండ్ ఇంజనీర్ మార్క్ లినెట్ పాత టేపుల్ని జతపరిచి చేసిన స్టీరియో 1997లో గానీ బయటికి రాలేదు. మిగతా సభ్యులు జపాన్ టూర్లో ఉంటే బ్రయాన్ హాలీవుడ్‌లో డ్రమ్మర్ హాల్ బ్లేన్, బేస్ గిటారిస్టు కెరోల్ కే లాంటి స్టూడియో కళాకారులతో వాయిద్యాలు రికార్డు చేశాడు కదా, వాళ్ల పనితనం విడివిడిగా తెలిసేది స్టీరియోలోనే.

ఈలోగా నా ఇయర్‌ఫోన్‌లో కుడివైపు పోయింది. కొత్తది కొనడానికి బద్ధకించి దాంతోనే బస్సెక్కాను. స్టీరియోలో ఒక పక్క వాయిద్యాలు మాయం, కోరస్ బోసిగా ఉంది. విసుగొచ్చి మోనో పెట్టాను. ఏమీ తగ్గలేదు! అకార్డియన్లు, డ్రమ్ములు, గొంతులు అన్నీ ఒకే ముద్దగా, కానీ నిండుగా వచ్చాయి. బ్రయాన్‌కి చిన్నప్పటి నుంచీ కుడి చెవి దాదాపు వినపడేది కాదన్న సంగతి చదివే ఉన్నాను. ఆయన విన్న పద్ధతిలోనే వింటున్నానని ఆ బస్సులో తట్టేసరికి దిగాల్సిన స్టాపు దాటిపోయింది. అయినా కోపం రాలేదు.

అప్పటి నుంచి స్టీరియో మీద చిన్న కినుక. 'హియర్ టుడే' పాట మధ్యలో వాయిద్యాలు మాత్రమే మోగే చోట మోనోలో స్టూడియోలోని మనుషుల మాటలు లీలగా వినిపిస్తాయి. స్టీరియోలో వాటిని శుభ్రంగా తుడిచేశారు. రికార్డింగ్ లోపమే, ఒప్పుకుంటా. కానీ ఆ మాటలు లేకపోతే నాకు పాటలో ఏదో వెలితి.

నేను వినేది ఎక్కువగా ప్రయాణాల్లో, హారన్ల మధ్య. అందుకే మోనో. ఇంట్లో మంచి స్పీకర్లు, కాస్త తీరిక ఉన్నవాళ్లు నా మాట పట్టించుకోనక్కర్లేదు. 'గాడ్ ఓన్లీ నోస్' చివర్లో గొంతులు ఒకదాని వెనుక ఒకటి వచ్చి అల్లుకునే చోటు కోసం నేనూ అప్పుడప్పుడు స్టీరియోకే మారుతుంటాను.