నాంపల్లి జిరాక్స్ షాపు నుంచి: తెలుగులో అట్రాసిటీ చట్టం పుస్తకం, ఐదు నెలలు వాడాక

నాంపల్లి క్రిమినల్ కోర్టుల దగ్గర సందులో మాకు చిన్న జిరాక్స్, డీటీపీ షాపు ఉంది. పదిహేడేళ్లుగా అక్కడే కూర్చుని పిటిషన్లు, అఫిడవిట్లు, స్టేషన్‌లో ఇచ్చే ఫిర్యాదులు టైప్ చేస్తున్నాను. నేను లాయర్‌ని కాను, ఇంటర్ దాకా చదివాను. అయినా చాలామంది లాయర్ దగ్గరికి పోకముందే నా దగ్గరికి వస్తారు. కులం పేరు పెట్టి తిట్టారని, కొట్టారని వచ్చేవాళ్లు నెలకు ఒకరిద్దరైనా ఉంటారు. అందుకని ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం పుస్తకం కీబోర్డు పక్కనే పెట్టుకుంటాను.

మొన్న వేసవిలో కోఠీలో ఒక లా పుస్తకాల షాపులో కొత్తది కొన్నాను. 180 రూపాయలు. ఎడమ పేజీలో ఇంగ్లిష్, కుడి పేజీలో తెలుగు. చట్టంతో పాటు 1995 రూల్స్ కూడా ఉన్నాయి. ఐదు నెలలు రోజూ వాడాక ఇది రాస్తున్నాను. ఇందులో ఒక పెద్ద తప్పు ఉంది, దాని గురించి గట్టిగానే చెప్పబోతున్నాను కాబట్టి పబ్లిషర్ పేరు రాయడం లేదు. ఎవరు వేసిన పుస్తకం కొన్నా చూసుకోవాల్సినవి ఇవే.

ముందు పాత పుస్తకం సంగతి చెప్పాలి. అది ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద 40 రూపాయలకు దొరికింది. నలిగిపోయినా అక్షరం పెద్దది, చదవడానికి హాయిగా ఉండేది. దాన్ని నమ్ముకుని 2017లో ఒక అబ్బాయి ఫిర్యాదులో 3(1)(ఎక్స్) కింద కేసు పెట్టమని టైప్ చేసి ఇచ్చాను. ఆ ఎక్స్ రోమన్ పది. లాయర్లలో కొందరు ‘త్రీ వన్ ఎక్స్’ అంటారు, కొందరు ‘త్రీ వన్ టెన్’ అంటారు. ఆ సెక్షన్ ఇప్పుడు లేదు పొమ్మని స్టేషన్‌లో కాగితం తిప్పి పంపారు. నిజానికి సెక్షన్ నంబరు రాయడం ఫిర్యాదు ఇచ్చేవాళ్ల పని కాదు. జరిగింది జరిగినట్టు చెబితే చాలు, ఏ సెక్షన్ కిందికి వస్తుందో పోలీసులే చూసుకోవాలి. ఆ మాట అప్పుడు ఆ అబ్బాయికీ తెలియదు, నాకూ తెలియదు. రెండు రోజులు కూలి పోగొట్టుకుని తిరిగాడు. చివరికి మా షాపుకు వచ్చే ఒక లాయరమ్మ చూసి చెప్పారు: 2016 జనవరి 26 నుంచి సెక్షన్ 3(1) మొత్తం కొత్తగా రాశారు, నలుగురూ చూసేచోట అవమానిస్తే, బెదిరిస్తే 3(1)(ఆర్), కులం పేరుతో తిడితే 3(1)(ఎస్). నా పుస్తకంలో ఆ రెండూ లేవు. ఆ అబ్బాయికి డబ్బులు తిరిగిచ్చాను. పోయిన రెండు రోజులను మాత్రం ఇవ్వలేకపోయాను.

కాబట్టి కొనేటప్పుడు ముందు సెక్షన్ 3(1) తెరిచి చూడండి. ఉపసెక్షన్లు రోమన్ అంకెల్లో ఉంటే పాతది. ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటే 2015 సవరణ ఎక్కింది. తర్వాత 18 పక్కన 18ఏ ఉందో లేదో చూడండి. ఉంటే 2018 సవరణ కూడా ఎక్కినట్టు. ఎఫ్ఐఆర్ కట్టడానికి ముందస్తు విచారణ అక్కర్లేదు, అరెస్టుకు పైవాళ్ల అనుమతి అక్కర్లేదు అని చెప్పేది అదే. అట్టమీద ‘తాజా ముద్రణ’ అని ఉంటే నమ్మకండి. నా 40 రూపాయల పుస్తకం మీద కూడా ఆ మాటే ఉంది.

కొత్త పుస్తకంలో నాకు బాగా నచ్చింది మొదటి నాలుగు పేజీలు. చట్టం ఎప్పుడెప్పుడు ఎలా పెరిగిందో తేదీలతో ఇచ్చారు. 1955లో అస్పృశ్యత నేరాల చట్టం. 1976లో దాన్నే మార్చి పౌరహక్కుల పరిరక్షణ చట్టం అన్నారు. 1989లో ఈ చట్టం వచ్చింది, 1990 జనవరి 30న అమల్లోకి వచ్చింది. రూల్స్ రావడానికి మాత్రం 1995 దాకా ఆగాల్సి వచ్చింది. 2015 సవరణ కథ ఇంకా పొడుగు. 2014 మార్చిలో ఆర్డినెన్సుగా వచ్చింది, జులైలో మళ్లీ బిల్లుగా పెట్టారు, స్టాండింగ్ కమిటీకి వెళ్లింది, 2015 ఆగస్టు 4న లోక్‌సభ, డిసెంబరు 21న రాజ్యసభ ఆమోదించాయి. డిసెంబరు 31న రాష్ట్రపతి సంతకం అయింది. అందుకే పేరులో 2015 ఉన్నా చట్టం నంబరు మాత్రం 2016లో 1. ఈ తికమక వల్ల ఇవి రెండు వేర్వేరు సవరణలనుకుని నన్ను అడిగినవాళ్లు ఉన్నారు. ఈ పుస్తకంలో దాన్ని రెండు లైన్లలో శుభ్రంగా చెప్పారు.

కానీ ఆ నాలుగు పేజీల్లో కారంచేడు లేదు. చుండూరు లేదు. తెలుగువాళ్ల కోసం తెలుగులో వేసిన పుస్తకంలో ఆ రెండు పేర్లు లేకపోవడం నాకు కష్టంగా అనిపించింది. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. ఆ తర్వాత జరిగిన పోరాటాన్ని వదిలేసి ఈ చట్టం ఎలా వచ్చిందో చెప్పలేం. చట్టం అమల్లోకి వచ్చిన ఏడాదిన్నరకే, 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని చంపారు. ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో శిక్షలు పడ్డాయి. 2014లో ఇక్కడే, మూసీ ఒడ్డున ఉన్న మన హైకోర్టు అందరినీ నిర్దోషులని వదిలేసింది. ఆ పేజీ అంచున ఈ తేదీలు పెన్సిల్‌తో నేనే రాసుకున్నాను.

ఇక సెక్షన్ 3 తెలుగు. దీనికి ఎవరు అనువాదం చేశారో గానీ మనసు పెట్టి చేశారు. 2015లో కొత్తగా చేర్చిన నేరాల పట్టిక చదువుతుంటే మన ఊళ్లే కళ్లముందు కదులుతాయి. చెప్పుల దండ వేయడం, గుండు గీయడం, మీసాలు తీసేయడం, సాగునీరు రానీయకపోవడం, సాంఘిక బహిష్కారం పెట్టడం. ‘పశువుల కళేబరాలను మోయమని, గోతులు తవ్వమని బలవంతపెట్టడం’ అన్న లైను దగ్గర నేను టైపింగ్ ఆపేశాను. మా తాత ఊళ్లో చచ్చిన గొడ్లను మోసేవాడు. ఆయన భుజం మీద కట్టె ఒరిసిన కాయ ఉండేది, చిన్నప్పుడు వేలితో తడిమేదాన్ని. ఆయన బతికుండగా అది పని. ఇప్పుడు ఎవరైనా అట్లా చేయిస్తే నేరమని అచ్చులో ఉంది. ఆ పేజీ జిరాక్స్ తీసి మా అమ్మకు చదివి వినిపించాను.

అదే సెక్షన్‌లో ఇంకో చిన్న మార్పు ఉంది, దాన్నీ సరిగ్గా పట్టుకున్నారు. పదేళ్లూ అంతకు మించీ శిక్ష పడే పెద్ద నేరాలకు పాత చట్టంలో ‘ఎస్సీ, ఎస్టీ అయిన కారణంగా’ చేసి ఉండాలని ఉండేది. కొత్త దాంట్లో ‘ఎస్సీ, ఎస్టీ అని తెలిసి’ అని ఉంది. చేసినవాడి మనసులో కులమే కారణమని రుజువు చేయడం ఎంత కష్టమో కోర్టు మెట్లెక్కినవాళ్లకు తెలుసు. తెలుసా లేదా అన్నది అంత కష్టం కాదు, ఒకే ఊరివాళ్లకు ఒకరి కులం ఒకరికి తెలియకుండా ఉంటుందా!

ఇప్పుడు తప్పు సంగతి. 3(1)(ఆర్), (ఎస్) రెండింట్లోనూ ఇంగ్లిష్‌లో ఉన్న మాటకు అర్థం ‘నలుగురి కంటా పడే ఏ చోటైనా’ అని. తెలుగు పేజీలో దాన్ని ‘బహిరంగ ప్రదేశంలో’ అని వేశారు. ఈ రెండూ ఒకటి కావు. బహిరంగ ప్రదేశం అంటే రోడ్డు, బస్టాండు, బజారు. సొంత స్థలమైనా నలుగురూ చూస్తున్నచోట తిడితే నేరమే. ఇంటి గేటు దగ్గర తిట్టిన కేసులో 2008లో సుప్రీంకోర్టు ఇదే తేడా చెప్పింది. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేనప్పుడు అంటే మాత్రం ఈ సెక్షన్ వర్తించదని 2020లో ఇంకో తీర్పు వచ్చింది.

ఇది చిన్న విషయం కాదని ఆగస్టులో తెలిసింది. కూకట్‌పల్లి వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో పాచిపని చేసే ఆమె వచ్చింది. యాభై ఏళ్లుంటాయి. లిఫ్ట్ ఎక్కినందుకు కింద పార్కింగ్‌లో ఒకాయన కులం పేరుతో తిట్టాడట. అప్పటికే ఎవరో చదువుకున్నాయన ఆమెకు చెప్పాడు, అది ప్రైవేటు జాగా, బహిరంగ ప్రదేశం కాదు, కేసు కాదని. ఆయన చేతిలో ఉన్నది కూడా ఇట్లాంటి తెలుగు పుస్తకమేనేమో.

“అప్పుడు అక్కడ ఎవరెవరున్నరు అమ్మా?” అని అడిగాను.

“పాలాయన ఉన్నడు బిడ్డా. వాచ్‌మెన్ ఉన్నడు. స్కూల్ ఆటో ఎక్కే పిల్లల తల్లులు ముగ్గురున్నరు. అందరు ఇన్నరు. ఒక్కరు గూడ మాట్లాడలె.”

ఆ మాటలే ఫిర్యాదులో రాశాను. ఎవరెవరు ఎక్కడ నిలబడి ఉన్నారో, ఏ మాట అన్నాడో ఉన్నదున్నట్టు టైప్ చేశాను. తిట్టు మాట టైప్ చేసేటప్పుడు ఆమె తల తిప్పుకుంది. సంతకం బదులు వేలిముద్ర వేసింది. నోటితో చెప్పినా పోలీసులు రాసుకుని, చదివి వినిపించి, కాపీ ఇవ్వాలని సెక్షన్ 4లో ఉంది. ఆ పేజీ కూడా జిరాక్స్ తీసి ఆమె చేతికిచ్చాను. మూడోరోజు ఎఫ్ఐఆర్ కాపీ పట్టుకుని, దాన్ని జిరాక్స్ తీయించుకోవడానికి మళ్లీ వచ్చింది. అందులో ఆర్, ఎస్ రెండూ ఉన్నాయి.

పబ్లిషర్‌కు ఈ తప్పు గురించి ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. నా పుస్తకంలో ఆ రెండుచోట్లా తెల్ల కాగితం ముక్క అంటించి సరైన మాట రాసుకున్నాను. మీరు కొన్నా ఎడమ పేజీతో పోల్చుకుని చదవండి. కోర్టులో నిలబడేది ఇంగ్లిషే.

రూల్స్ భాగం బాగుంది. డీఎస్పీకి తగ్గని అధికారి దర్యాప్తు చేయాలని, అరవై రోజుల్లో ఛార్జిషీటు వేయాలని, మూడు నెలలకోసారి కలెక్టర్ అధ్యక్షతన జిల్లా కమిటీ కూర్చోవాలని అన్నీ వివరంగా ఉన్నాయి. మన కమిషనరేట్‌లో డీఎస్పీ అంటే ఏసీపీ అని చిన్న నోట్ వేసి ఉంటే బాగుండేది, ఈ ప్రశ్న నన్ను ఎందరో అడిగారు. పరిహారం పట్టిక 2016లో మారినది ఇచ్చారు, 85 వేల నుంచి 8 లక్షల 25 వేల దాకా. ఆర్, ఎస్ సెక్షన్లకు లక్ష రూపాయలు: ఎఫ్ఐఆర్‌కు పావువంతు, ఛార్జిషీటుకు సగం, శిక్ష పడితే మిగతా పావువంతు. పరిహారం అనేది ఒకటుందని కూడా తెలియనివాళ్లే ఎక్కువ.

లేనిది ఒకటుంది. చివర ఉన్న షెడ్యూలులో ఇంకా ఐపీసీ నంబర్లే ఉన్నాయి. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) వచ్చింది కదా. కొట్టి గాయపరిస్తే పెట్టే 323 ఇప్పుడు 115(2), బెదిరిస్తే పెట్టే 506 ఇప్పుడు 351. పక్కన ఒక్క గడి వేసి కొత్త నంబర్లు ఇస్తే సరిపోయేది. బీఎన్ఎస్ ప్రస్తావన వచ్చింది కాబట్టి చెబుతున్నాను, అందులో 103(2) కూడా ఒకసారి చదవండి. ఐదుగురు లేదా అంతకన్నా ఎక్కువమంది గుంపుగా కులం, భాష, పుట్టిన చోటు లాంటి కారణాలతో మనిషిని చంపితే ఉరిశిక్ష దాకా ఉంది. గుంపు హత్యలకు ప్రత్యేక చట్టం చేయమని 2018లో సుప్రీంకోర్టు సూచించింది. 103(2)లో ఇచ్చిన కారణాల పట్టికలో ‘వ్యక్తిగత విశ్వాసం’ ఉంది, ‘మతం’ అన్న మాట మాత్రం లేదు. టైప్ చేసేటప్పుడు మూడుసార్లు వెతికాను. ఆ మాట ఉండాలి. చట్టంలో లేని మాటను ఫిర్యాదులో ఎంత గట్టిగా రాసినా ఎంతవరకు పనిచేస్తుంది?

మాటలు చేర్చడానికి ఎన్నేళ్లు పడుతుందో ఒక లా విద్యార్థిని డిసర్టేషన్ టైప్ చేస్తూ తెలుసుకున్నాను. అమెరికాలో విద్వేష నేరాలపై 1968 నాటి చట్టం జాతి, రంగు, మతం, పుట్టిన దేశం వరకే ఉండేది. అది కూడా ఓటేయడం, బడికి పోవడం లాంటి కొన్ని పనుల్లో ఉన్నప్పుడు దాడి జరిగితేనే. 1998లో ఒక నల్లజాతి మనిషిని ట్రక్కుకు కట్టి ఈడ్చి చంపారు, ఒక స్వలింగ సంపర్కుడైన విద్యార్థిని కంచెకు కట్టి కొట్టారు, అతను ఆస్పత్రిలో చనిపోయాడు. ఆ ఇద్దరి పేర్లతో చట్టం రావడానికి పదకొండేళ్లు పట్టింది. రక్షణ బడ్జెట్ బిల్లుకు జతచేసి గట్టెక్కించారు, 2009 అక్టోబరు 28న ఒబామా సంతకం చేశారు. లింగం, వైకల్యం కూడా అప్పుడే చేరాయి. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్‌లో మన హైదరాబాద్ ఇంజినీరును ‘మా దేశం వదిలి పొండి’ అని కాల్చి చంపినవాడికి, మరుసటి ఏడాది ఫెడరల్ కోర్టులో విద్వేష నేరం కిందే జీవితఖైదు పడింది. ఆ అమ్మాయి డిసర్టేషన్ నూటపాతిక పేజీలు. ఆ పేజీ దగ్గర మాత్రం ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు.

కాగితం, బైండింగ్ గురించి రెండు మాటలు. కాగితం పలచన, వెనకవైపు అక్షరాలు కనిపిస్తాయి. పిన్నుల బైండింగ్ రెండో నెలలోనే ఊడింది, స్పైరల్ వేయించుకున్నాను. తెలుగు అక్షరం చిన్నది, నలభై దాటినవాళ్లకు కళ్లజోడు తప్పదు. ఇన్ని చెప్పినా ఐదుకు మూడున్నర ఇస్తాను. ‘బహిరంగ ప్రదేశం’ దిద్ది, బీఎన్ఎస్ గడి చేర్చిన రోజు నాలుగున్నర ఇస్తాను, పది కాపీలు నేనే కొంటాను.

ఆబిడ్స్ పుస్తకం పారేయలేదు. నేరం జరిగిన రోజు ఏ చట్టం ఉందో కోర్టు దాన్నే చూస్తుంది. 2011లో ఆంధ్రలో పుట్టు అంధురాలైన ఎస్సీ యువతిపై జరిగిన అత్యాచారం కేసులో 2021లో సుప్రీంకోర్టు పాత మాటనే, ‘కారణంగా’ అన్నదాన్నే పట్టించుకుంది. అత్యాచారానికి పడిన జీవితఖైదు నిలిచింది, అట్రాసిటీ సెక్షన్ కింద పడిన శిక్ష మాత్రం నిలవలేదు. అందుకే పాత పుస్తకాన్ని రబ్బరు బ్యాండు వేసి పైఅరలో పెట్టాను. అట్టమీద ‘తాజా ముద్రణ’ అన్నది కొట్టేసి, మార్కర్‌తో ‘2016 జనవరి 26కి ముందు జరిగినవాటికి మాత్రమే’ అని రాశాను.