ఇంట్లో వచ్చిన బ్యాండ్‌కు తరుగు ఎంత? ఐఈఎల్‌టీఎస్ నమూనా పరీక్షలు దిద్దుతూ ఏడేళ్లు

అప్పట్లో భీమవరంలో నర్సుగా పనిచేస్తున్న మా మేనకోడలు ఏడేళ్ల కిందట ఒక ఆదివారం వచ్చి, ఒక లావుపాటి ఐఈఎల్‌టీఎస్ నమూనా పరీక్షల పుస్తకమూ ఎర్ర పెన్నూ నా ముందు పెట్టింది. విదేశాలకు చదువుకో ఉద్యోగానికో వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లీషు పరీక్ష అది. "మామయ్యా, వెనక జవాబులున్నాయి. దిద్ది, అసలు పరీక్షలో నాకు ఎంత వస్తుందో చెప్పండి" అంది. ముప్పై ఏళ్లు పదో తరగతి ఇంగ్లీషు పేపర్లు దిద్దిన చేతికి ఇదొక పనా అనుకున్నాను. దిద్దడం అరగంటలో అయిపోయింది. ఎంత వస్తుందో చెప్పడం మాత్రం నాకు ఇప్పటికీ పూర్తిగా చేతకాలేదు.

అప్పటినుంచి పాలకొల్లు దగ్గర ఈ కాలవగట్టు ఇంట్లో ఆ పుస్తకాలు తొమ్మిది సంచికలు చేరాయి. పరీక్షను తయారుచేసే కేంబ్రిడ్జ్ వాళ్లే వేసేవి. ఒక్కోదానిలో నాలుగు పూర్తి పరీక్షలు, వెనక జవాబులు, లిజనింగ్‌లో వినిపించే మాటల పాఠం, రైటింగ్‌కు కొన్ని నమూనా సమాధానాలు ఉంటాయి. లంక గ్రామాల పిల్లలు, ఆచంట, నరసాపురం వైపు నర్సులు, కెనడా మీద మనసుపడ్డ ఇంజినీర్లు వచ్చి రాసి, నాచేత దిద్దించుకుని వెళతారు. అందరూ ఈ పరీక్షను ఐల్ట్స్ అంటారు, నేనూ అంతే. ఇందులో నాలుగు భాగాలు: వినడం (లిజనింగ్), చదవడం (రీడింగ్), రాయడం (రైటింగ్), మాట్లాడటం (స్పీకింగ్). ఒక్కోదానికి తొమ్మిది దాకా ఇచ్చే స్థాయి అంకెనే బ్యాండ్ అంటారు. పుస్తకం ఎలా ఉందని ఎవరైనా అడిగితే పరీక్షలు బాగున్నాయని చెబుతాను. వెనక ఉన్న జవాబుల పేజీని ఎలా చదవాలో ఎవరూ చెప్పరు కాబట్టి ఈ సమీక్ష దాని గురించే రాస్తున్నాను.

లిజనింగ్‌లో నలభై ప్రశ్నలు, రీడింగ్‌లో నలభై. ఒక్కోదానికి ఒక మార్కు. సగం మార్కు లేదు, తప్పుకు కోతా లేదు. కాబట్టి ఖాళీ వదలడమంత దండగ పని మరొకటి లేదు. అయినా మా మేనకోడలు మొదటి రోజు ఐదు ఖాళీలు వదిలింది, "తెలియనిది రాస్తే ఏమనుకుంటారో" అని! జవాబుల పేజీలో బ్రాకెట్లో ఉన్న మాట రాసినా రాయకపోయినా ఒప్పే. గీతకు ఇటూ అటూ ఉన్నవాటిలో ఏది రాసినా ఒప్పే. అమెరికా స్పెల్లింగైనా బ్రిటన్ స్పెల్లింగైనా ఇబ్బంది లేదు. కానీ రెండు పదాలు మించరాదని ప్రశ్నలో ఉంటే, మూడు పదాలు రాసినవాడికి సున్నాయే. సరైన మాట ఆ మూడింటిలో ఉన్నా సున్నాయే. ఇక్కడ పెన్ను ఆడనివ్వని జాలి నాకు చాలాకాలం ఉండేది. పోనీలే, తెలిసే రాశాడు కదా అని టిక్కు పెట్టేవాణ్ణి. అలా ఊరికే ఇచ్చిన మూడు టిక్కులు దాదాపు అర బ్యాండ్. అసలు పరీక్షలో అవి పోయినప్పుడు పిల్లవాడు తిట్టుకునేది నన్నే.

ఇప్పుడు నా దగ్గర పొడుగాటి ఖాతా పుస్తకం ఒకటుంది, ధాన్యం కమీషన్ వ్యాపారుల దగ్గర ఉండే రకం. ఎన్ని వచ్చాయన్నది అందులో చివర, చిన్న అంకెల్లో రాస్తాను. ముందు ప్రతి తప్పు పక్కనా కారణం రాయాలి: వినబడలేదు, విన్నా స్పెల్లింగ్ తప్పింది, బహువచనం ఎస్ పోయింది, పదాల హద్దు దాటింది, ప్రశ్నే తప్పుగా చదివారు, ఊహించి రాశారు. మొన్న వచ్చిన ఒక అబ్బాయికి లిజనింగ్‌లో 26 వచ్చాయి. పోయిన పద్నాలుగులో నిజంగా వినబడనివి ఐదే. నాలుగు చోట్ల ఎస్ లేదు, మూడు స్పెల్లింగులు, రెండు చోట్ల థర్టీన్‌కు థర్టీ. మనకు మాట చివర అచ్చు పలకడం అలవాటు, బుక్‌ను బుక్కు అనే అంటాం. హల్లుతో ఆగిపోయే మాట చివరున్న సన్నని ఎస్ మన చెవికి ఆనదు. ఎకామొడేషన్‌లో రెండు సీలు, రెండు ఎమ్‌లు అని గోడమీద రాసి పెట్టాను. ఫిబ్రవరి అయితే మరీ విచిత్రం. ఇంగ్లీషువాడు నోట్లో మింగేసే ఆ మొదటి ర మన తెలుగు మాటలో శుభ్రంగా ఉంది. అయినా పిల్లలు క్యాసెట్టులో విన్నట్టు రాసి దాన్ని పోగొట్టుకుంటారు. (క్యాసెట్టు అనడం నా పాత అలవాటు. ఇప్పుడన్నీ డౌన్‌లోడ్లే.) ఇంకో నాలుగు నెలలు ఇంగ్లీషు వార్తలు వినమని ఆ అబ్బాయికి ఎవరో సలహా ఇచ్చారట. అతనికి కావలసింది జవాబులు ఎక్కించాక ఒకసారి వెనక్కి తిరిగి చూసుకోవడం. మూడు వారాల్లో 31కి వచ్చాడు.

ఇక మార్కులను బ్యాండ్‌గా మార్చే పట్టిక. లిజనింగ్‌లో సుమారుగా 23 వస్తే ఆరు, 30 వస్తే ఏడు, 35 వస్తే ఎనిమిది. పైచదువులకు, నర్సింగ్ లాంటి వృత్తులకు వెళ్లేవాళ్లు రాసే అకడమిక్ రకం రీడింగ్‌లోనూ ఇవే. పత్రం కష్టాన్ని బట్టి ఒకటి రెండు మార్కులు అటూ ఇటూ అవుతాయని పరీక్ష పెట్టేవాళ్లే చెబుతారు. అసలు ఈ వరుసలో పాత సంచికల్లో బ్యాండ్ పట్టికే లేదు. 12 లోపైతే కష్టం, 13 నుంచి 28 దాకా అయితే ఇంకా సాధన చేయండి, 29 దాటితే పరవాలేదు అన్న ధోరణిలో మూడు గడులు వేసి ఊరుకున్నారు. మొదట్లో నాకు అది తప్పించుకునే మాటలా అనిపించింది. ఇప్పుడు దానికంటే నిజాయితీ గల పట్టిక లేదనిపిస్తోంది.

పట్టిక తారుమారైతే జరిగే అనర్థం ఒకటి చెప్పాలి. కెనడాకు శాశ్వత నివాసం కోసం వెళ్లేవాళ్లు రాయాల్సింది జనరల్ ట్రెయినింగ్ అనే రెండో రకం. దాని రీడింగ్ తేలిక కాబట్టి కొలత గట్టిది. అక్కడ 30కి ఏడు రాదు, ఆరు వస్తుంది. ఏడు కావాలంటే 34 దాకా ఉండాలి. తణుకు నుంచి వచ్చే ఒక ఇంజినీరు రెండు నెలలు జనరల్ పత్రాలు రాసి, అకడమిక్ పట్టికలో చూసుకుని, ఏడు వచ్చేసిందని ఇంట్లో స్వీట్లు పంచాడు. ఖాతా చూసి నేను చెప్పినప్పుడు అతని ముఖం చూడలేకపోయాను.

పట్టిక సరైనదే అనుకుందాం. ఇంట్లో వచ్చిన అంకె అసలు అంకె అవుతుందా? మా వైపు ధాన్యం కాటా వేసేటప్పుడు తేమ చూస్తారు. 17 శాతం దాటితే తరుగు తీస్తారు. ఇంట్లో రాసిన పరీక్షలోనూ తేమ ఉంటుంది. కుక్కరు కూత వేసిందని లిజనింగ్ ఆపి మళ్లీ వినడం, రీడింగ్ అరవై నిమిషాలు దాటాక "ఇంకో రెండే, మామయ్యా" అనడం, సెకండ్‌హ్యాండ్ పుస్తకంలో ఎవరో పెన్సిల్‌తో రాసిన జవాబులు కంటపడటం, రాసిన పరీక్షే ఆరు నెలల తర్వాత మళ్లీ రాయడం, ఇవన్నీ తేమే. అందుకని ఆపి విన్న జవాబుల పక్కన చిన్న సున్నా చుట్టిస్తాను. టైము అయ్యాక రాసినవి పచ్చ పెన్నుతో రాయిస్తాను. రెండు లెక్కలు వేస్తాం, తేమతో ఒకటి, తేమ తీసి ఒకటి. మా మేనకోడలికి మొదట్లో రీడింగ్‌లో ఆ తేడా ఆరు మార్కులు ఉండేది. ఆమెకు ఇంగ్లీషు వచ్చు, గడియారమే రాదు అని అప్పుడు తెలిసింది.

ఒక్క పరీక్ష చూసి ఏమీ అనను. వరుసగా మూడు రాయించి, కనిష్ఠం, గరిష్ఠం రెండూ చెబుతాను. నాన్నలకు ఈ పద్ధతి నచ్చదు. వాళ్లకు ఒకే అంకె కావాలి.

రీడింగ్‌లో మనవాళ్లను ముంచేది నాట్ గివెన్. పాఠంలో ఉంటే ట్రూ, పాఠానికి విరుద్ధమైతే ఫాల్స్, పాఠం ఆ ఊసే ఎత్తకపోతే నాట్ గివెన్. దీన్ని నేర్పడానికి నేనే ధవళేశ్వరం ఆనకట్ట గురించి ఒక చిన్న పేరా రాశాను. 1847లో పని మొదలైంది, 1852లో పూర్తయింది, ఆర్థర్ కాటన్ కట్టించాడు, కాలవలు ఇన్ని అని. కింద ఒక వాక్యం ఇచ్చాను: ఆనకట్ట వచ్చాక డెల్టాలో కరవు రాలేదు. ఎనిమిది మంది రాస్తే ఏడుగురు ట్రూ అన్నారు. పేరాలో కరవు అన్న మాటే లేదు. ఎందుకు రాశావమ్మా అని ఒక అమ్మాయిని అడిగితే, "మాస్టారూ, మా ఇంట్లో కాటన్ దొర పటం ఉంది. కరవు వచ్చిందని రాస్తే మా నాయనమ్మ అన్నం పెట్టదు" అంది. నవ్వుకున్నాం కానీ విషయం అదే. తెలిసిన సంగతిని ఇంట్లో వదిలి, పాఠంలో ఉన్నంత మేరకే చూడాలి. ఖాతాలో ఈ తప్పుకు నేను పెట్టిన పేరు కాటన్ దొర.

రైటింగ్ దగ్గరకొచ్చేసరికి జవాబుల పేజీ చేతులెత్తేస్తుంది. అక్కడ నేనూ ఘోరంగా దెబ్బతిన్నాను. ముసలి తల్లిదండ్రులను ఇంట్లోనే చూసుకోవాలన్న అభిప్రాయంతో ఎంతవరకు ఏకీభవిస్తారు అన్న ప్రశ్నకు మా మేనకోడలు 310 పదాలు రాసింది. అడిగింది 250. దస్తూరీ ముత్యాల్లా ఉంది, స్పెల్లింగ్ తప్పులు రెండే. ఏడు వేశాను. అసలు పరీక్షలో ఆమెకు లిజనింగ్ 7, రీడింగ్ 6.5, రైటింగ్ 6, స్పీకింగ్ 7 వచ్చాయి. బ్రిటన్ నర్సింగ్ కౌన్సిల్‌కు రైటింగ్‌లో 6.5, మిగతా మూడింటిలో ఏడేసి కావాలి. పదిహేను వేలు దాటిన ఫీజు నీళ్లలో పోసినట్టయింది.

ఆ తర్వాతే నేను బ్యాండ్ వివరణల పట్టిక బుద్ధిగా చదివాను. ఎవరైనా చూసుకునేందుకు పరీక్ష సంస్థ బయటపెట్టినదే, ఖర్చు లేదు. నాలుగు కొలతలు, నాలుగూ సమానం: అడిగినదానికి జవాబు చెప్పారా, ఆలోచన వరుసగా సాగిందా, పదసంపద ఎలా ఉంది, వాక్యాలు ఎన్ని రకాలుగా ఎంత సరిగా ఉన్నాయి. నేను ముప్పై ఏళ్లుగా చూసింది చివరి దాంట్లో సగమే. అమ్మాయి వ్యాసం మళ్లీ తీశాను. ఇంట్లో ఉంటే ప్రేమ దొరుకుతుంది, ఆశ్రమంలో వైద్యం దొరుకుతుంది, రెండూ మంచివే అని ముగించింది. ఎంతవరకు ఏకీభవిస్తావు అన్నదానికి జవాబే లేదు! మన పెంపకంలో రెండు పక్షాలనూ నొప్పించకుండా మాట్లాడటం మర్యాద. అక్కడ అది మార్కులు తినేస్తుంది. పైగా ప్రతి పేరా మొదట్లో కంఠతా పట్టిన ఒక బరువైన వాక్యం. అవి చూసే నేను ఏడు వేశానని ఒప్పుకోవాలి.

మరోవైపు, ఎ, ఆన్, ద తప్పులకు పేజీని రక్తసిక్తం చేసి కొందరికి ఐదు వేసిన పాపమూ నాదే. తెలుగులో అవి లేవు, అందుకే తప్పుతాయి. చదివేవాడికి అర్థం చెడనంతవరకు వాటిని ఒక గుంపుగా చూడాలి కానీ ఒక్కోదానికి ఒక్కో కోత వేయకూడదు. ఇప్పుడు కాగితాన్ని నాలుగు గడులు చేసి, ఒక్కోసారి ఒక్క కొలతనే దృష్టిలో పెట్టుకుని నాలుగుసార్లు చదువుతాను. రైటింగ్‌లో రాయాల్సినవి రెండు. రెండోదైన వ్యాసానికి మొదటిదానికంటే రెట్టింపు బరువు కాబట్టి దాన్నే ముందు దిద్దుతాను. పుస్తకం వెనక కొన్ని నమూనాలకు పరీక్షకుల వ్యాఖ్య, బ్యాండ్ కూడా ఉంటాయి. దిద్దబోయే ముందు అలాంటివి రెండు చదివితే చేయి కుదురుకుంటుంది. అయినా ఒక అంకె చెప్పను. ఆరుకూ ఆరున్నరకూ మధ్య అంటాను.

వ్యాసం అతికిస్తే బ్యాండ్ చెప్పే యాప్ ఒకటి పిల్లలు తెచ్చారు. ఒకే వ్యాసానికి పొద్దున 6.5, సాయంత్రం 7.5 ఇచ్చింది. అనుమానం వచ్చి పేరాలు తలకిందులు చేసి అతికించాను. ఏడు! కామాలు పట్టుకోవడానికి పనికొస్తుంది, అంతకు మించి నమ్మను. ఒక కోచింగ్ సెంటరు మాక్ టెస్టులూ ఇదే బాపతు. చేరిన నెలలో ఐదు, ఫీజు అంతా కట్టాక ఏడున్నర.

స్పీకింగ్‌కు ఇంట్లో దిద్దే విధానం నాకు తెలిసి లేదు. ఫోనులో పద్నాలుగు నిమిషాలు రికార్డు చేసి, మర్నాడు వాళ్లచేతే వినిపిస్తాను. అంతే.

చివరి లెక్క ఒకటి మిగిలింది. నాలుగింటి సగటు .25 దగ్గర ఉంటే పై అరకు, .75 దగ్గర ఉంటే పై పూర్తి అంకెకు ఎక్కుతుంది. 7, 6.5, 5.5, 6 కలిస్తే 25, సగటు 6.25, ఓవరాల్ 6.5. లిజనింగ్ ఏడు కాక ఆరున్నర అయితే సగటు 6.125, ఓవరాల్ ఆరుకు జారుతుంది. 30కి బదులు 29 వచ్చినా చాలు ఇంత జరగడానికి. అందుకే ఎస్‌ల మీద అంత రభస చేస్తాను. మా మేనకోడలికి రెండోసారి 7.5, 7, 6.5, 7 వచ్చాయి. కూడితే 28, సరిగ్గా ఏడు. ఇప్పుడు ఇంగ్లండులో రాత్రి డ్యూటీలు చేస్తోంది.

కొనేవాళ్లకు: జెరాక్సు ప్రతులు వద్దు, నేను కొన్న ఒకదానిలో జవాబుల పేజీలే ముందువెనకలయ్యాయి. పాత సంచికలు సాధనకు చాలు, కానీ కొత్తది ఒకటైనా ఉండాలి. అందులో నాలుగో పరీక్షను ముట్టుకోకుండా, అసలు పరీక్షకు పది రోజుల ముందు గడియారం పెట్టుకుని రాయాలి. తేమ అతి తక్కువగా ఉండే అంకె అదొక్కటే. మా ఇంట్లో ఆ పేజీలకు స్టేపులు కొట్టి ఉంచుతాను. పోయిన నెల ఒక కుర్రాడు నేను టీ తాగడానికి లోపలికెళ్లిన సమయంలో వాటిని విప్పి చూశాడు. కొత్త పుస్తకం వాళ్ల నాన్నే కొనిచ్చాడు.