హెచ్‌ఈఐసీ ఫొటోలను జేపెగ్‌లోకి మార్చుకోవడం: ఆరేళ్ల వాడకం తర్వాత

ఐఫోన్ ఫొటోలను హెచ్‌ఈఐసీ అనే ఫార్మాట్‌లో దాస్తుంది. అది అన్నిచోట్లా తెరుచుకోదు కనుక, వాటిని జేపెగ్‌లోకి మార్చుకునే పని నాకు వారానికి రెండు మూడుసార్లయినా పడుతుంది. ఆరేళ్లుగా ఇదే వరస. ఈ ఆరేళ్లలో ఫోన్ సెట్టింగులు, ఫోన్‌తోపాటే వచ్చే యాప్‌లు, కంప్యూటర్‌లో వేసుకునే ఉచిత ప్రోగ్రాములు, ఆన్‌లైన్ కన్వర్టర్లు అన్నీ వాడి చూశాను. మార్చడం వరకే అయితే వీటిలో ఏదీ తీసిపోదు. నొక్కిన నిమిషంలో జేపెగ్ చేతికొస్తుంది, తెరిచి చూస్తే ఫొటో బాగానే కనిపిస్తుంది. అసలు తేడా ఆ నిమిషంలో తెలియదు. ఫొటో తీసిన తేదీ పోయిందనీ, రంగు వెలిసిందనీ, సన్నని గీతలు చెదిరిపోయాయనీ కొన్ని నెలలకు మరో పని మీద ఆ ఫొటో వెతుక్కున్నప్పుడు బయటపడుతుంది. అందుకే ఏది ఎంత వేగంగా మారుస్తుందన్నది పక్కన పెట్టి, మార్చేటప్పుడు ఏది దేన్ని పోగొడుతుందన్న లెక్కలోనే ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందుగా ఈ ఫార్మాట్ గురించి కొంత చెప్పాలి. బొమ్మలను దాచే హీఫ్ అనే ప్రమాణాన్ని, వీడియో, ఆడియో ప్రమాణాలు రూపొందించే ఎంపెగ్ బృందం 2015లో ఖరారు చేసింది. అందులో బొమ్మను హెచ్‌ఈవీసీ అనే వీడియో కుదింపు పద్ధతిలో దాచినప్పుడు ఆ ఫైలును హెచ్‌ఈఐసీ అంటారు. యాపిల్ 2017లో ఐఓఎస్ 11తో ఐఫోన్ 7కూ ఆ తర్వాతి ఫోన్లకూ దీన్ని తెచ్చింది. 1992 నాటి జేపెగ్, బొమ్మను ఎనిమిదేసి పిక్సెళ్ల చదరపు గళ్లుగా కోసి ఒక్కో గడినీ కుదిస్తుంది. హెచ్‌ఈవీసీ మాత్రం ఆకాశంలాగా ఒకే తీరుగా ఉన్న చోట 64 పిక్సెళ్ల దాకా పెద్ద గడినీ, జుట్టులాంటి చోట చిన్న గడినీ ఎంచుకుని, పక్క గళ్లను బట్టి ఈ గడి ఎలా ఉండాలో ముందే అంచనా వేసి, ఆ అంచనాకూ నిజానికీ ఉన్న తేడాను మాత్రమే రాసుకుంటుంది. అందువల్లనే దాదాపు సగం జాగాలో అంతే నాణ్యత ఇముడుతుంది. అయితే హెచ్‌ఈవీసీ మీద పేటెంట్లు, లైసెన్సు రుసుములు ఉన్నాయి కనుక దీన్ని అందరూ ఆదరించలేదు. సఫారీ బ్రౌజర్ 2023లో 17వ వెర్షన్ నుంచి హెచ్‌ఈఐసీని చూపిస్తోంది గానీ క్రోమ్ చూపించదు. విండోస్‌లో సాధారణంగా రెండు ఎక్స్‌టెన్షన్లు, అంటే అదనంగా వేసుకునే భాగాలు కావాలి: హీఫ్‌కు సంబంధించినది ఉచితం, హెచ్‌ఈవీసీకి సంబంధించినది విడిగా కొనుక్కోవాలి. మొదటిది మాత్రమే వేసుకుని, ఫొటో ఎందుకు తెరుచుకోవడం లేదో తెలియక తల పట్టుకునేవాళ్లు నాకు ఇప్పటికీ తారసపడుతుంటారు.

మార్చే బాధే లేకుండా ఫోన్ నేరుగా జేపెగ్‌లోనే తీసేలా పెట్టుకోవచ్చు కదా అని ఎవరికైనా తడుతుంది. సెట్టింగ్స్‌లో కెమెరా, అందులో ఫార్మాట్స్ తెరిచి, హై ఎఫిషియెన్సీకి బదులు మోస్ట్ కంపాటిబుల్ ఎంచుకుంటే అక్కడి నుంచి తీసే ఫొటోలన్నీ జేపెగ్‌లోనే వస్తాయి. నేను మొదటి ఏడాదంతా అలాగే వాడాను. ఫొటోలు ఎక్కువగా ఇతరులకు పంపేవారికి, కంప్యూటర్ అంటే చిరాకు పడేవారికి నేటికీ ఇదే సూచిస్తాను. నాకు మాత్రం రెండు విధాలుగా సరిపడలేదు. ఫోన్ నిండిపోయే వేగం ఇంచుమించు రెట్టింపయింది. పైగా ఆ సెట్టింగు ఒక్క ఫొటోలతో ఆగదు. వీడియోలను కూడా పాత పద్ధతికి మారుస్తుంది, సెకనుకు 60 ఫ్రేముల 4కే వీడియో తీయాలంటే మళ్లీ హై ఎఫిషియెన్సీకి వెళ్లక తప్పదు. ఇక అప్పటికే తీసి ఉన్న హెచ్‌ఈఐసీ ఫొటోలను ఆ సెట్టింగు ముట్టుకోదన్న సంగతి చాలామంది గమనించరు.

రెండో ఏడాది నేను చేసిన తప్పు ఇక్కడ చెప్పాలి. పాత ఫొటోలన్నిటినీ ఒకేసారి జేపెగ్‌లోకి మార్చేసి ఒరిజినల్స్ తీసేస్తే ఒక గొడవ వదులుతుందనుకుని, ఒక ఉచిత ప్రోగ్రాముకు రెండు వేలకు పైగా ఫొటోల ఫోల్డర్ అప్పగించాను. రాత్రికి పని ముగిసింది. పదీ పదిహేను ఫొటోలు తెరిచి చూసి, బాగున్నాయని తృప్తిపడి, హెచ్‌ఈఐసీలను చెరిపేశాను. నాలుగు నెలల తర్వాత ఆ జేపెగ్‌లను మళ్లీ ఫోన్‌లోకి ఎక్కించినప్పుడు, మూడేళ్ల ఫొటోలన్నీ ఒకే రోజు, అంటే నేను మార్చిన రోజు కింద గుట్టపడ్డాయి. ఫోన్‌తో తీసే ఫొటోలో ఎక్సిఫ్ అనే సమాచారపు భాగం ఒకటి ఉంటుంది. తీసిన తేదీ, సమయం, కెమెరా వివరాలు, స్థలం అన్నీ అందులోనే ఉంటాయి. ఆల్బమ్ యాప్‌లు ఫొటోలను ఆ తేదీని బట్టే వరసలో పెడతాయి, అది లేకపోతే ఫైలు పుట్టిన తేదీని పట్టుకుంటాయి. నేను వాడిన ప్రోగ్రాములో ఎక్సిఫ్‌ను అలాగే ఉంచమని చెప్పడానికి ఒక చిన్న గడి ఉంది. దానికి టిక్ పెట్టుకోవాల్సింది మనమే. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, సరిగ్గా అదే జరిగింది.

చేతులు కాలాక నేర్చుకున్న ప్రోగ్రాము ఎక్సిఫ్‌టూల్. ఒకే పేరుతో హెచ్‌ఈఐసీ, జేపెగ్ రెండూ పక్కపక్కన ఉంటే, మొదటిదాని ఎక్సిఫ్ మొత్తాన్ని రెండోదానిలోకి ఒక్క ఆదేశంతో ఎత్తిపోస్తుంది. ఒక పాత బ్యాకప్ డిస్కులో నా ఒరిజినల్స్ చాలావరకు దొరికాయి కనుక వాటి తేదీలన్నీ తిరిగొచ్చాయి. ఆ డిస్కులో లేనివి మూడు వందల చిల్లర మిగిలాయి. వాటికి ఫోన్ ఇచ్చిన వరస సంఖ్యలు ఫైలు పేర్లలో చెక్కుచెదరకుండా ఉండటం గుడ్డిలో మెల్ల. తేదీ తెలిసిన ఫొటో ముందొకటి, వెనకొకటి ఉంటే మధ్యవాటి తేదీని ఊహించి ఎక్సిఫ్‌టూల్‌తోనే రాసుకున్నాను. అప్పటి నుంచి ఏ కొత్త కన్వర్టర్ చేతికొచ్చినా ముందు ఒక్క ఫొటో మార్చి, బొమ్మ చూడకుండా దాని వివరాల పుట తెరిచి తేదీ చూస్తాను.

రంగు సంగతి ఇంకా మెల్లగా బోధపడింది. ఒకసారి ముదురు ఎర్ర గులాబీ ఫొటోను ఒక ఆన్‌లైన్ కన్వర్టర్‌లో మార్చి, ఫోన్‌లో ఒరిజినల్ పక్కన పెట్టి చూస్తే, ఒరిజినల్‌లో నిప్పులా ఉన్న రేక జేపెగ్‌లో ఇటుక రంగుకు దిగింది. కుదింపు వల్ల అలా అయిందనుకుని నాణ్యతను 100కు పెంచి మళ్లీ మార్చాను. ఇటుక రంగు ఇటుక రంగులాగే ఉంది. కారణం వేరే. ఐఫోన్ ఫొటోలు, మామూలుగా వాడే ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల పరిధి కన్నా విశాలమైన డిస్‌ప్లే పీ3 అనే పరిధిలో ఉంటాయి, ఆ సంఖ్యలను ఏ పరిధిలో చదవాలో చెప్పే ప్రొఫైల్ ఫైలులోనే ఉంటుంది. కన్వర్టర్ ఆ ప్రొఫైల్‌ను పారేసి సంఖ్యలను మాత్రం అలాగే రాస్తే, చూపించే యాప్ వాటిని ఎస్‌ఆర్‌జీబీ అనుకుని చదువుతుంది. పీ3లోని ఎరుపు ఎస్‌ఆర్‌జీబీలోని ఎరుపంత ముదురుగా మాత్రమే కనిపిస్తుంది. ప్రొఫైల్‌ను వెంట ఉంచడమో, సంఖ్యలను లెక్కగట్టి ఎస్‌ఆర్‌జీబీలోకి మార్చడమో, రెండిట్లో ఏదో ఒకటి చేసే కన్వర్టరే పనికొస్తుంది. ముఖాల ఫొటోల్లో ఈ తేడాను కన్ను పసిగట్టదు. ఎర్రటి పువ్వు, నారింజ రంగు గోడ, పచ్చని లేత ఆకు ఉన్న ఫొటోతో పరీక్షిస్తే వెంటనే దొరికిపోతుంది.

ఫొటోలు అడ్డం తిరగడం కూడా ఇలాంటిదే. హెచ్‌ఈఐసీలో బొమ్మను ఎటు తిప్పాలన్న సూచన ఫైలు నిర్మాణంలో ఒకచోట, ఎక్సిఫ్‌లో ఒకచోట ఉంటుంది. కన్వర్టర్ మొదటిదాన్ని పాటించి బొమ్మను నిలబెట్టి, రెండోదాన్ని చెరపకుండా వదిలేస్తే, చూసే యాప్ నిలబడ్డ బొమ్మను ఇంకోసారి తిప్పుతుంది.

ఇక నాణ్యత సంఖ్య. మార్చే ప్రోగ్రాముల్లో చాలావాటిలో 1 నుంచి 100 దాకా ఒక సంఖ్య ఎంచుకోమంటారు, 100 పెడితే ఒరిజినల్‌లో ఏమీ పోదని చాలామంది నమ్మకం. అది శాతం కాదు. హెచ్‌ఈఐసీ కుదించినప్పుడు పోయింది ఎలాగూ పోయింది. జేపెగ్ మళ్లీ తనదైన పద్ధతిలో ఇంకొంత పోగొడుతుంది. నా దగ్గరున్న 4032 x 3024 పిక్సెళ్ల ఫొటోలు హెచ్‌ఈఐసీలో రెండు ఎంబీలకు అటూఇటూ ఉంటే, 90 పెట్టినప్పుడు నాలుగు ఎంబీల దాకా, 100 పెట్టినప్పుడు ఎనిమిది తొమ్మిది ఎంబీల దాకా పెరిగాయి. అచ్చు కాగితం ఒకటి ఫొటో తీసి, మూడు రకాలుగా మార్చి, తెర మీద నాలుగింతలు పెద్దది చేసి చూశాను. 100కూ 90కీ మధ్య తేడా నా కంటికి ఆనలేదు. 75లో అక్షరాల చుట్టూ తెల్లని కాగితం మీద దోమలు ముసిరినట్టు బూడిద రంగు మచ్చలు లేచాయి. ఒత్తులు, గుడులు ఉన్న చోట ఆ మచ్చలు అక్షరంలో కలిసిపోయి చదవడానికే అడ్డొచ్చాయి. అప్పటి నుంచి మామూలు ఫొటోలకు 90, పత్రాలకు 92 పెడుతున్నాను. ఏమీ పోకూడదనుకుని, వివరాలు పోగొట్టకుండా కుదించే పీఎన్‌జీ ఫార్మాట్‌లోకి మార్చేవారు ఒక లెక్క చూసుకోవాలి: ఇదే ఫొటో కుదింపు లేకుండా 36 ఎంబీలకు పైనే ఉంటుంది, పీఎన్‌జీ దాన్ని కొంతే తగ్గించగలదు, హెచ్‌ఈఐసీలో పోయిన వివరాలను మాత్రం తిరిగి తేలేదు.

దరఖాస్తు పుటల్లో ఫొటో ఇన్ని కేబీలు దాటకూడదని అడిగినప్పుడు నాణ్యత సంఖ్యను 20కి, 15కి దించేవాళ్లను చూస్తుంటాను. ముందుగా కొలతలు తగ్గించాలి. పొడవాటి వైపును 1600కో 1200కో దించి నాణ్యత 80 దగ్గర ఉంచితే, పూర్తి కొలతలతో 20 పెట్టినదానికన్నా చిన్న ఫైలే వస్తుంది, ముఖం కూడా గళ్లుగళ్లుగా కనిపించదు. ఫైలు పేరు చివర హెచ్‌ఈఐసీ తీసేసి జేపెగ్ అని రాసేస్తే సరిపోతుందనుకునేవాళ్లూ ఉన్నారు. పేరు మారుతుంది గానీ లోపలి సరుకు మారదు. కొన్ని యాప్‌లు పేరును పట్టించుకోకుండా లోపలిది చదివి చూపిస్తాయి కనుక పని జరిగినట్టు భ్రమ కలుగుతుంది, అవతలివారి దగ్గర తెరుచుకోకపోయే సరికి అసలు సంగతి తెలుస్తుంది.

ఆన్‌లైన్ కన్వర్టర్ల జోలికి నేనిక పోవడం లేదు. మన ఫొటో, అందులో దాగిన స్థలం వివరాలతో సహా, ఎవరి సర్వర్‌కో వెళ్తుంది. ఎప్పుడు చెరిపేస్తారన్నది వారి మాట మీద నమ్మకమే. బొమ్మను బయటికి పంపకుండా బ్రౌజర్‌లోనే మార్చేవి కొన్ని ఉన్నాయి. పేజీ తెరుచుకున్నాక ఇంటర్నెట్ ఆపేసి మార్చి చూస్తే ఏది ఏ రకమో తేలిపోతుంది.

ఇప్పుడు నా చేతిలో నిలిచినవి మూడు. ఒకటి రెండు ఫొటోలైతే ఫోన్‌లోని ఫైల్స్ యాప్ చాలు: ఫొటోను అందులో దాచి, దాని మీద వేలు నొక్కిపట్టి, క్విక్ యాక్షన్స్‌లో కన్వర్ట్ ఇమేజ్ ఎంచుకుంటే జేపెగ్ పక్కనే వస్తుంది. తరచుగా చేసే పని కోసం, కొన్ని పనులను వరసగా ఒక్క నొక్కుతో చేయించే షార్ట్‌కట్స్ యాప్‌లో రెండు షార్ట్‌కట్లు చేసుకున్నాను. మొదటిదానిలో మెటాడేటాను, అంటే ఎక్సిఫ్‌లాంటి వివరాలను ఉంచమన్నాను, ఇంటివాళ్లకు పంపేవి దాని ద్వారా వెళ్తాయి. రెండోదానిలో తీసేయమన్నాను, నలుగురూ చూసే చోట పెట్టేవి దాని ద్వారా వెళ్తాయి. రెండో షార్ట్‌కట్ చేసుకోవాలని తట్టడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. అప్పటిదాకా స్థలం వివరాలతోనే పెట్టుకుంటూ పోయాను.

వందల్లో ఉంటే కంప్యూటర్‌లో ఇమేజ్‌మ్యాజిక్ అనే ఉచిత ప్రోగ్రాము. ఎక్సిఫ్‌ను, రంగు ప్రొఫైల్‌ను మనం తీసేయమంటే తప్ప తీయదు. నాణ్యత 90 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పెడితే రంగు వివరాలను తగ్గించకుండా పూర్తి కొలతల్లో ఉంచుతుంది, ఎరుపు మీద సన్నని గీతలున్న చోట ఇది తెలుస్తుంది. అయితే ఇది ఆదేశాలు టైపు చేసి వాడేది, కొత్తవారికి మొదట్లో తలప్రాణం తోకకు వస్తుంది. ముఖ్యంగా మోగ్రిఫై అనే ఆదేశంలో ఏ ఫార్మాట్‌లోకి మార్చాలో చెబితే కొత్త ఫైళ్లు పక్కన పుడతాయి. అది చెప్పడం మరిచి కొలతలు మాత్రమే తగ్గించమంటే ఉన్న ఫైళ్ల మీదే రాసేస్తుంది. నేను ఎప్పుడూ ఫొటోల నకలు ఉన్న ఫోల్డర్‌లోనే దాన్ని నడుపుతాను.

మార్చినప్పుడు జేపెగ్‌తోపాటు సాధారణంగా రానివి కొన్ని ఉన్నాయి. లైవ్ ఫొటో అంటే నిజానికి ఒక హెచ్‌ఈఐసీ, ఒక చిన్న వీడియో కలిసిన జంట. మార్చినప్పుడు ఫొటో ఒక్కటే వస్తుంది. పోర్ట్రెయిట్‌లో వెనకటి మసకను తర్వాత సవరించుకోవడానికి ఉపయోగపడే లోతు సమాచారం, వెలుగులను ఫోన్ తెర మీద మరింత ప్రకాశంగా చూపించే అదనపు పొర బయటి కన్వర్టర్లలో చాలావరకు రాలిపోతాయి. అందుకే ఒరిజినల్‌ను చెరపడం మానేశాను. కెమెరాను మళ్లీ హై ఎఫిషియెన్సీలోనే ఉంచుకుని, ఎవరికైనా పంపాల్సి వచ్చినప్పుడే మారుస్తాను, జేపెగ్‌లను విడిగా ఒక ఫోల్డర్‌లో పెట్టి నెలాఖరున ఖాళీ చేస్తాను.

నేను తేదీ ఊహించి రాసుకున్న ఆ మూడు వందల చిల్లర ఫొటోలు ఇప్పటికీ ఆల్బమ్‌లో ఉన్నాయి. తేదీ ఊహించగలిగాను గానీ సమయం ఊహించడానికి ఆధారమేమీ లేక, అన్నిటికీ మధ్యాహ్నం 12 గంటలని రాశాను. దీపాల వెలుగులో రాత్రిపూట తీసిన వాటి కింద కూడా అదే కనిపిస్తుంది.